కాగితం పెళ్ళికి సిద్ధపడ్డ స్నేహితుడితో



చాలా ఇళ్ళలో గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి ఒకటి ఈ పూట బాహాటంగా మాట్లాడదామని వచ్చాను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కుర్రాడికి వీసా గడువు ముంచుకొస్తుంది. స్నేహితుడికి ఫోన్ చేసి చెబుతాడు: "ఒక దారి దొరికిందిరా. అమ్మాయి సిటిజన్. పెళ్ళి పేపర్ మీదే. గ్రీన్ కార్డు రాగానే విడాకులు. డబ్బు సంగతి మాట్లాడేసుకున్నాం. ఇంట్లో తెలియదు, నువ్వూ ఎక్కడా అనకు." మనవాళ్ళు దీన్ని కాంట్రాక్ట్ మ్యారేజ్ అంటున్నారు. కుర్రాడే కానక్కర్లేదు, ఆడపిల్లా కావచ్చు. ఆ ఫోన్ ఎత్తిన స్నేహితుడికి ఏం చెప్పాలో తోచదు. నా ప్రసంగం ఆ ఫోన్ ఎత్తినవాళ్ళ కోసం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. "నీ జీవితం, నీ ఇష్టం" అని తప్పుకోవడం స్నేహం కాదు. కోప్పడి ఫోన్ పెట్టేయడమూ స్నేహం కాదు. తెలిసినదంతా, ఆ పెళ్ళి జరగకముందే, సూటిగా చెప్పాలి. ముందే అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఈ విషయంలో అమెరికా చట్టం వెనక్కి రావడానికి దారి ఉంచలేదు. ఆ సంగతి కాసేపట్లో వివరిస్తాను.

అంతకంటే ముందు ఆ కుర్రాడు అక్కడిదాకా ఎందుకు వచ్చాడో చూడాలి. వాడు దొంగ కాదు. ఊళ్ళో పొలమో ఇల్లో తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని ఎం.ఎస్.కి వెళ్ళాడు. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేసుకోవచ్చు, ఇంజినీరింగ్, సైన్సు చదివినవాళ్ళకు ఇంకో 24 నెలలు కలుస్తాయి. కానీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. ఆ తర్వాత హెచ్1బి ఉద్యోగ వీసా. ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20,000. దానికీ లాటరీ. అది తగిలి ఉద్యోగంలో కుదురుకున్నాక కంపెనీ ఒక ఉదయం మెయిల్ పంపి తీసేస్తే, మామూలుగా చేతిలో ఉండేది 60 రోజులు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో చిన్న కంపెనీలు మరింత వెనకడుగు వేశాయి.

ఇన్ని దాటినవాడికైనా గ్రీన్ కార్డు చేతికి అందదు. ఉద్యోగం దారిలో ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000. అందులోనే భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్క. ఏ దేశానికైనా అందులో 7 శాతమే. 1990లో చేసిన చట్టం ఇది. ఇంతమంది ఉన్న మన దేశానికీ అంతే, అతి చిన్న దేశానికీ అంతే. అందుకే మనవాళ్ళ వరస పదేళ్ళ పైచిలుకు వెనక నడుస్తోంది. తల్లిదండ్రులతో చిన్నప్పుడే వెళ్ళిన పిల్లలు 21 ఏళ్ళు నిండగానే ఆ వరసలోంచి జారిపోతున్నారు. ఇంత ఇరుకులో ఒక్క తలుపు మాత్రం లెక్క లేకుండా తెరిచి ఉంది. అమెరికా పౌరుల భర్తకో భార్యకో సంఖ్యా పరిమితి లేదు. ఆశ పుట్టేది అక్కడే.

కాబట్టి స్నేహితుడు ఆ మాట అనగానే మన నోట్లోంచి రావలసిన మొదటి మాట తిట్టు కాదు, ప్రశ్న. "నీకు గడువు ఏ తారీఖుతో అయిపోతోంది?" అని అడగండి. "అప్పు ఎంత ఉంది?" అని అడగండి. "లాయరుతో మాట్లాడావా, లేక మధ్యవర్తి చెప్పిందే నమ్ముతున్నావా?" అని అడగండి. చాలాసార్లు ఈ మూడు ప్రశ్నల దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. పెళ్ళి ఆలోచన వాడిది కాదు, ఎవరో ఎక్కించింది. ఎక్కించినవాడికి అందులో వాటా ఉంటుంది.

వాడు తిరిగి ఒక మాట అంటాడు. ఆ మాటకు మనం సిద్ధంగా ఉండాలి. "మన పెళ్ళిళ్ళు మాత్రం ఏమిటిరా? పెళ్ళిచూపుల్లో మొదట అడిగేది వీసా ఏమిటనే కదా! హెచ్1బి ఉంటే ఒక రేటు, గ్రీన్ కార్డు ఉంటే ఒక రేటు. వాళ్ళది పెళ్ళీ, నాది మోసమూనా?"

ఇది తోసిపారేయదగిన ప్రశ్న కాదు. సంబంధాలు చూసేటప్పుడు ఉద్యోగమూ ఆస్తీ ఎలా చూస్తారో వీసా కూడా అలాగే చూస్తున్నారు, నిజమే. అది నాకు నచ్చదు. కానీ చట్టం తప్పు పట్టేది దాన్ని కాదు. పెళ్ళి చేసుకునే నాటికి ఆ ఇద్దరికీ కలిసి బతకాలనే ఉద్దేశం ఉందా లేదా అనేదే అక్కడి న్యాయస్థానాలు చూస్తాయి. 1975లో బార్క్ అనే వ్యక్తి కేసులో ఒక అప్పీలు కోర్టు ఇదే చెప్పింది. తర్వాత కాపురం చెడినా, విడిపోయినా, ఆ ఒక్క కారణంతో అది దొంగ పెళ్ళి అయిపోదని కూడా చెప్పింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి, పదిహేను రోజుల సెలవులో వచ్చి చేసుకున్న పెళ్ళి, వీసా గడువు కోసం ముహూర్తం ముందుకు జరుపుకున్న పెళ్ళి, ఇవేవీ మోసం కావు. ప్రేమించుకుంటున్న ఇద్దరు ఎలాగూ చేసుకోవాలనుకుని వీసా కోసం ఆర్నెల్లు ముందు చేసుకున్నా మోసం కాదు. కాపురం చేసే ఉద్దేశం మొదటి నుంచీ లేకుండా, విడాకుల తారీఖు కూడా ముందే అనుకుని, డబ్బు చేతులు మారితే, అది మోసం. మీ స్నేహితుడు ఈ రెంటిలో ఏ వైపున్నాడో తేల్చుకోకుండా నీతులు మొదలుపెట్టకండి. నిజంగా ఇష్టపడి చేసుకుంటున్నవాణ్ణి అనుమానించి అవమానించినవాళ్ళను కూడా నేను చూశాను. అదీ అన్యాయమే.

సరే, మోసమే అనుకుందాం. చట్టంలో శిక్ష ఎంతో చాలామందికి తెలుసు. 5 ఏళ్ళ వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ శిక్ష వీసా కోరినవాడికే కాదు, డబ్బు తీసుకుని పెళ్ళాడిన పౌరురాలికి కూడా. ఇది చెబితే కుర్రాళ్ళు పెద్దగా భయపడరు. "అంత దూరం ఎవరు లాగుతారు, మహా అయితే పంపించేస్తారు" అంటారు. అసలు భయపడవలసిన సెక్షన్ వేరే ఉంది. దాని గురించి మధ్యవర్తులు నోరు మెదపరు.

వలస చట్టంలో 204(సి) అని ఒక నిబంధన. వలస చట్టాన్ని తప్పించుకోవడానికి ఎవరైనా ఒకసారి పెళ్ళి చేసుకున్నారని తేలితే, ఆ మనిషి తరఫున ఆ తర్వాత ఇంకెవరు పిటిషన్ పెట్టినా ఆమోదించకూడదు. పెళ్ళి దాకా కూడా పోనక్కర్లేదు. అందుకు ప్రయత్నించినా, కుట్ర పన్నినా చాలు. దీనికి కాలపరిమితి లేదు, క్షమాపణ దరఖాస్తు లేదు. ఇది ఏమి చేస్తుందో మీ స్నేహితుడికి విడమరచి చెప్పండి. మూడేళ్ళ తర్వాత వాడికి ఒక అమ్మాయి నిజంగానే నచ్చవచ్చు. ఆ అమ్మాయి పౌరురాలు కావచ్చు. ఇద్దరూ మనస్ఫూర్తిగా పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, ఆమె పిటిషన్ పెడితే అది ఆమోదం పొందదు. ఆ పెళ్ళి నిజమైనదని అధికారి స్వయంగా నమ్మినా ఆమోదించడానికి వీల్లేదు. పెద్ద కంపెనీ వాడి ప్రతిభ చూసి ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డుకు పెట్టినా ఆ పిటిషన్ కూడా అంతే. పదేళ్ళు వరసలో నిలబడి సంపాదించుకోగలిగినదాన్ని వాడు ఒక్క సంతకంతో తానే పోగొట్టుకుంటున్నాడు. ముందే చెప్పాలి అన్నది ఇందుకే.

ఇదేమీ మన తరంలో మొదలైన కథ కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, అమెరికా సైనికులు విదేశాల్లో పెళ్ళాడినవాళ్ళను తేలిగ్గా దేశంలోకి రానివ్వడానికి 1945 డిసెంబరులో వార్ బ్రైడ్స్ యాక్ట్ వచ్చింది. అమెరికాలో స్థిరపడిన ఒక పోలిష్ స్త్రీకి యూరప్‌లో శరణార్థులుగా మిగిలిన సోదరులున్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ముగ్గురు మాజీ సైనికోద్యోగులను, ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుడు, పారిస్ పంపి ఆ సోదరులతోనూ, వాళ్ళలో ఒకరు అంతకుముందు పెళ్ళాడిన స్త్రీతోనూ పెళ్ళిళ్ళు జరిపించారు. దేశంలోకి వచ్చాక ఎవరి దారి వారిది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1953లో తీర్పు వచ్చింది. లట్వాక్ కేసు అంటారు. ఫ్రాన్సు చట్టం ప్రకారం ఆ పెళ్ళిళ్ళు చెల్లుతాయి కదా అని వాదించారు. చెల్లినా చెల్లకపోయినా, కాపురం చేసే ఉద్దేశమే లేని పెళ్ళి చూపించి దేశంలోకి తేవడం కుట్రే అన్నది కోర్టు. ఈ కథ నన్ను కలచివేస్తుంది. యూరప్ అంతా శ్మశానమైన రోజుల్లో సొంత అన్నదమ్ముల్ని దగ్గరికి తెచ్చుకోవాలనుకోవడం కంటే జాలి కలిగించే కారణం ఏముంటుంది? ఆ కారణం కూడా శిక్షను ఆపలేకపోయింది. మన లేఆఫ్, మన లోను అక్కడ ఏపాటి?

1986లో చట్టం ఇంకా బిగిసింది. దొంగ పెళ్ళిళ్ళు నూటికి 30 దాకా ఉంటాయని అప్పటి వలస విభాగం కాంగ్రెస్ ముందు చెప్పింది. ఆ లెక్కకు గణాంకపరమైన విలువ లేదని తర్వాత తేలింది. కానీ అప్పటికే చట్టం అయిపోయింది. పెళ్ళయి రెండేళ్ళు కాకుండా గ్రీన్ కార్డు వస్తే అది రెండేళ్ళ షరతు కార్డు. ఆ రెండేళ్ళూ నిండే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఈరోజు నిజంగా కాపురం చేసుకుంటున్న మన దంపతులు ఫొటోలు, బ్యాంకు కాగితాలు మోసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగడానికి మూలం అది. దొంగ పెళ్ళి ఒకటి దొరికిన ప్రతిసారీ నిజమైన దంపతులను అడిగే ప్రశ్నలు నాలుగు పెరుగుతాయి. స్నేహితుడికి ఇది కూడా చెప్పవచ్చు, వాడి మనసు మెత్తనిదైతే.

"రెండేళ్ళు నటిస్తే అయిపోతుంది" అనుకునేవాడికి ఆ రెండేళ్ళు ఎలా గడుస్తాయో చూపించాలి. ఇద్దరి పేరు మీద అద్దె ఒప్పందం. ఇద్దరి పేరు మీద బ్యాంకు ఖాతా, అంటే వాడి జీతంలోంచి ఆమె ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఇద్దరూ కలిసి వేసే పన్ను రిటర్ను, అంటే ఆమె దాచిన ఆదాయానికి వాడూ జవాబుదారీ. పండగలకు ఫొటోలు. ఇంటర్వ్యూకి బట్టీ పట్టడం. అనుమానం వస్తే భార్యను ఒక గదిలో, భర్తను ఇంకో గదిలో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. నిన్న రాత్రి ఏం వండారు, మంచానికి ఎవరు ఏ వైపు పడుకుంటారు, అత్తగారు ఆఖరిసారి ఎప్పుడు ఫోన్ చేశారు. న్యూయార్క్‌లో 1976 నాటి స్టోక్స్ కేసు తర్వాత దీనికి ఆ పేరే స్థిరపడింది, స్టోక్స్ ఇంటర్వ్యూ. తెల్లవారకముందే ఇంటికి వచ్చి తలుపు తట్టడమూ ఉంది. ఒక ఇంటర్వ్యూ గట్టెక్కితే సరిపోదు. గ్రీన్ కార్డుకొకసారి, షరతు తీయించుకోవడానికి ఇంకోసారి, పౌరసత్వానికి మరోసారి అదే ఫైలు తెరుస్తారు. పౌరసత్వం వచ్చాక బయటపడినా దాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ కుర్రాడికి అప్పటికి నలభై ఏళ్ళుంటాయి, ఇల్లుంటుంది, బడికెళ్ళే పిల్లలుంటారు.

ఊళ్ళో అమ్మానాన్నలు మాత్రం ఊరుకుంటారా? వాళ్ళకు ఈ పెళ్ళి తెలియదు కాబట్టి సంబంధాలు చూస్తూనే ఉంటారు. కాగితం పెళ్ళయినా కోర్టులో రిజిస్టరైతే అది పెళ్ళే. విడాకులు రాకముందే ఇక్కడ తాళి కడితే ద్వివివాహం. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద 7 ఏళ్ళ వరకు శిక్ష, మొదటి పెళ్ళి దాచిపెట్టి చేసుకుంటే 10 ఏళ్ళ వరకు. విడాకులయ్యాకే చేసుకున్నాడనుకోండి. పెళ్ళి ద్వారా గ్రీన్ కార్డు తెచ్చుకున్నవాడు కార్డుదారుగా ఉన్న మొదటి అయిదేళ్ళలో కొత్త భార్యను తీసుకెళ్ళాలంటే, మొదటి పెళ్ళి దొంగది కాదని బలమైన సాక్ష్యంతో రుజువు చేయమంటుంది చట్టం. అప్పుడు వాడేం చేస్తాడు? ఏమీ తెలియని ఆ పిల్ల అత్తగారింట్లో వీసా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇంకా దారుణం, కట్టుకున్న భార్యకు కాగితం మీద విడాకులిచ్చి, అక్కడ పౌరురాలిని చేసుకుని, కార్డు వచ్చాక మళ్ళీ ఈమెను చేసుకుంటానని నమ్మించడం. స్నేహితుడి పథకంలో ఇలాంటి మలుపు ఉందని తెలిస్తే మెత్తగా మాట్లాడవద్దు. ఆ భార్య భవిష్యత్తును పందెంగా ఒడ్డే హక్కు వాడికి లేదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఓపీటీ మీద ఉన్న అమ్మాయి, ఏ పరిచయస్తుడో చూపించిన పౌరుడితో కాగితం పెళ్ళికి ఒప్పుకుందనుకోండి. గ్రీన్ కార్డు ఆమోదం పొందేదాకా ఆ పిటిషన్ అతని చేతిలో ఉంటుంది, ఏ రోజైనా వెనక్కి తీసుకోవచ్చు. మొదట మాట్లాడుకున్న డబ్బుకు ఇంకాస్త కలపమంటాడు. ఒకే ఇంట్లో ఉంటేనే నమ్ముతారంటాడు. తర్వాత ఒకే గది అంటాడు. ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? భర్త హింసించే వలస స్త్రీల కోసం 1994లో వావా అనే చట్టం వచ్చింది. భర్త సాయం లేకుండా, అతనికి తెలియకుండా, తనంతట తానే దరఖాస్తు చేసుకునే వీలు దానివల్ల కలిగింది. ఎంతోమంది తెలుగు ఆడపిల్లలకు ఆసరా అయిన చట్టం అది. కానీ దానికి ఒక షరతు ఉంది, పెళ్ళి సద్భావంతో చేసుకున్నదై ఉండాలి. కాగితం పెళ్ళి చేసుకున్న పిల్ల ఆ తలుపు తట్టలేదు. రక్షణ అన్నిటికంటే ఎక్కువగా కావలసిన చోటే రక్షణ లేకుండా పోతుంది. అమ్మాయి ఫోన్ చేసి "పేపర్ మీదేలే, ఏం కాదు" అంటే, ఆమె స్నేహితురాలు మిగతావన్నీ పక్కనపెట్టి ఈ ఒక్కటి చెప్పాలి.

అవతలి మనిషి గురించి కూడా ఆలోచించాలి కదా. డబ్బు తీసుకుని పెళ్ళాడిన పౌరురాలు సంతకం పెట్టే కాగితాల్లో ఆర్థిక హామీ పత్రం ఒకటి. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం స్థాయిలో వాణ్ణి పోషిస్తానని ఆమె ప్రభుత్వానికి మాట ఇస్తోంది. విడాకులతో ఆ మాట చెల్లిపోదు. వాడు పౌరుడయ్యేదాకానో, సుమారు పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకానో కొనసాగుతుంది. డబ్బు అవసరమై ఒప్పుకున్న పేద పిల్లకు ఇది ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు అసలు పరీక్ష. కొన్ని నెలలకు స్నేహితుడు మళ్ళీ ఫోన్ చేస్తాడు. "ఒక చిన్న లెటర్ కావాలి. మేమిద్దరం కలిసి ఉంటున్నామనీ, నువ్వు మా ఇంటికి వస్తూ పోతూ ఉంటావనీ రాయి చాలు." అది చిన్న లెటర్ కాదు. ప్రమాణం చేసి ఇచ్చే సాక్ష్యం. అబద్ధమని తేలితే రాసినవాడిదీ నేరమే. కోర్టు పెళ్ళిలో తెలిసి తెలిసి సాక్షిగా నిలబడినా, మధ్యవర్తికి ఇవ్వడానికి డబ్బు సర్దినా, కుట్రలో నువ్వూ భాగస్వామివని అభియోగం రావచ్చు. నువ్వు కూడా అక్కడ వీసా మీద ఉన్నవాడివే అయితే నీ బతుకూ అందులో చిక్కుకుంటుంది. దీనికి జవాబు ఒక్కటే. "లేదురా, నేను రాయను. నీ మీద కోపంతో కాదు. అబద్ధం మీద సంతకం పెట్టలేను. ఇంకేం కావాలన్నా అడుగు." ఇంతకంటే సంజాయిషీ అక్కర్లేదు. మొహమాటానికి పోయి "చూద్దాంలే" అన్నారంటే వాడు మీ పేరు లెక్కలో వేసుకుంటాడు.

మరి అధికారులకు చెప్పాలా? నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. నా అభిప్రాయంలో, నమ్మి చెప్పుకున్న మాటను తీసుకెళ్ళి అధికారికి అప్పగించడం స్నేహితుడి పని కాదు. తనంతట తాను వెళ్ళి చెప్పాలని అక్కడి చట్టం మామూలు మనిషిని సాధారణంగా నిర్బంధించదు. కానీ అధికారి ఎదురుగా వచ్చి అడిగినప్పుడు అబద్ధం చెబితే మాత్రం అది నేరం, దానికీ 5 ఏళ్ళ వరకు శిక్ష ఉంది. లాయరు లేకుండా జవాబు చెప్పనని అనవచ్చు, అబద్ధం చెప్పకూడదు. ఎవరినైనా బలవంతంగా ఈ పెళ్ళిలోకి దించుతున్నారనీ, పాస్‌పోర్టు లాక్కున్నారనీ, కొడుతున్నారనీ తెలిస్తే అప్పుడు ఈ లెక్కలేవీ పనికిరావు. 911కి ఫోన్ చేయాలి. కోపంతోనో అసూయతోనో, అప్పు తీర్చలేదనో ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి మాట్లాడను.

వద్దు అంటే సరిపోదు, మరో దారి చూపించే ఓపిక కూడా ఉండాలి. దానికి మొదటి అడుగు లాయరు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఏజెంటు లాయరు కాదు. ఏదో ఒక రాష్ట్రం బార్‌లో పేరు నమోదై ఉందో లేదో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ఆ ఒక గంట ఫీజు మీరు కట్టండి, పెళ్ళి మధ్యవర్తికి పోయే డబ్బుతో పోలిస్తే అదెంత? చాలా లా కాలేజీల్లో ఇమ్మిగ్రేషన్ క్లినిక్కులు ఉంటాయి, ఫీజు లేకుండా చూస్తాయి. విశ్వవిద్యాలయాలకూ, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకూ హెచ్1బి లాటరీ వర్తించదు, ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. జీతం తక్కువే కావచ్చు. 60 రోజుల గడువు నడుస్తుంటే ఆ లోపలే మళ్ళీ చదువుకు ఎఫ్1కో, భార్యకో భర్తకో హెచ్1బి ఉంటే హెచ్4కో, కొంతకాలం సందర్శకుడిగా బి2కో మార్పు కోరవచ్చు. కెనడాలో 2015 నుంచి పాయింట్ల పద్ధతిలో నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస దారి ఉంది. హైదరాబాద్‌లో అమెరికా కంపెనీలే పెట్టిన పెద్ద పెద్ద కేంద్రాలున్నాయి. వీటిలో ఏదీ సులభం కాదు. ఏదీ జీవితాంతం తలుపు మూసేసేదీ కాదు.

"అందరూ చేస్తున్నారు, ఏం కాదు" అన్న మాటను నమ్మి మన పిల్లలు ఎంత దెబ్బతిన్నారో మనం రెండుసార్లు చూశాం. 2011లో కాలిఫోర్నియాలో చదువు పేరుతో వీసా మోసం నడిపిన ట్రై-వ్యాలీ యూనివర్సిటీ బండారం బయటపడ్డప్పుడు, అక్కడ చేరిన వందలాది విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువాళ్ళు. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిచిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వ్యవహారం. వల పన్నడానికి ఆ యూనివర్సిటీని నడిపింది వలస అధికారులే, మారుపేర్లతో. విద్యార్థులను చేర్పించారని అరెస్టు చేసిన 8 మందీ మన పిల్లలే. అప్పుడూ స్నేహితుడు స్నేహితుడికి చెప్పబట్టే అంతమంది చేరారు. దొంగదారి మనవాళ్ళలో పాకేది అలాగే, ఒకరి నుంచి ఒకరికి నమ్మకంగా. "వద్దురా" అనే మాట కూడా అలాగే పాకగలదని నా నమ్మకం.

ఊళ్ళో ఉండి వింటున్న అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. మీ అబ్బాయి తిరిగొస్తే నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం మీ గొంతులో ఎప్పుడైనా వినిపించి ఉంటే, వాడు దాన్ని మరచిపోడు. లోను ఎంత మిగిలిందని అడగడం మానక్కర్లేదు, తీర్చవలసిందే. కానీ ఈసారి ఫోన్‌లో "కుదరకపోతే వచ్చెయ్యి నాన్నా, అప్పు ఇక్కడుండి తీర్చుకుందాం" అని కూడా ఒకసారి అనండి. అడక్కుండానే అనండి. కాగితం పెళ్ళి దాకా వెళ్ళిన పిల్లల్లో ఈ మాట ఇంటి నుంచి విన్నవాళ్ళు తక్కువ.

ఇన్ని చెప్పినా వాడు వినకపోవచ్చు. పెద్దవాడు, నిర్ణయం వాడిది. మీరు చెప్పవలసింది చెప్పారు. ఇక ప్రతి ఫోన్‌లోనూ అదే తవ్వకండి. ఆ పెళ్ళికి సంబంధించిన ఏ కాగితం మీదా మీ పేరు ఉండనివ్వకండి. మిగతా స్నేహం అలాగే ఉంచండి, పుట్టినరోజుకు ఫోన్ చేయండి, జ్వరమొస్తే చూసి రండి. ఒకరోజు వాడికి ఇందులోంచి బయటపడాలనిపిస్తే ముందు ఎవరికి చెప్పుకోవాలా అని వెతుక్కోకూడదు.

పెళ్ళి అప్పటికే అయిపోయి ఉంటే చేయగలిగినవి కొన్నే. వాడు తనకంటూ విడిగా లాయరును పెట్టుకోవాలి, ఆ పౌరురాలి లాయరూ మధ్యవర్తి తెచ్చిన లాయరూ పనికిరారు. జరిగిపోయినదాని గురించి లాయరుకు చెప్పుకున్న మాట రహస్యంగానే ఉంటుంది. ఇంకా దాఖలు చేయని కాగితాలుంటే లాయరును కలిసేదాకా వాటి మీద సంతకం చేయకూడదు. ఆ ఇంట్లో బెదిరింపో హింసో ఉంటే, పెళ్ళి ఎలా జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా పోలీసులను పిలవాలి. నేరానికి గురై పోలీసులకు సహకరించినవారి కోసం 2000 సంవత్సరంలో వచ్చిన యు వీసా అని ఒకటి ఉంది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, ఏళ్ళు పడుతుంది, కానీ దానికి పెళ్ళి సద్భావం షరతు కాదు. అమెరికాలో గృహహింస సహాయ కేంద్రం నంబరు 1-800-799-7233. రాత్రీ పగలూ పలుకుతారు. వీసా ఏమిటని అడిగాకే సాయం చేయడమంటూ ఉండదు, తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు. నంబరు ఇంకోసారి చెబుతున్నాను, రాసుకుని మీ పిల్లలకు పంపండి: 1-800-799-7233.